ఒక్క గీత

తప్పు రాస్తే చెరపొద్దు.
తెల్లరంగు పూయొద్దు, మీద మీద దిద్దొద్దు.
ఒక్క గీత గీసి
కింది అక్షరం కనబడేటట్టే ఉంచి
పక్కన సంతకం, తారీఖు.
ఈ కొలువుల మొదటి దినం నేర్సుకున్నది ఇదే.

అంతకు ముందు పదకొండేండ్లు
మెట్టుగడ్డ దగ్గర నర్సింగ్ హోంలో రాత్రి డ్యూటీ.
పద్నాలుగు వేల ఐదొందలు.
దసరాకు ఒక చీర, అది గూడ మేట్రన్ ఎంచిన రంగే.
కునుకుల ఉన్నా
సెలైన్ చుక్క ఆగితే ఉలిక్కిపడి లేచే ఒళ్లు నాది.
దానికి జీతం కాయితంల ఖానా లేదు.

ఇప్పుడు షుగరు మందు పరిశోధనల స్టడీ నర్సును.
ఇరవై ఆరు వేలు. చేతికొచ్చేది ఇరవై మూడు.
ఆ మూడు ఎటు పోయినయని అడిగితే
ఏజెన్సీ వాళ్లు హైదరాబాద్ నంబరిస్తరు.
హైదరాబాద్ నంబరు పాట పాడుతది.

నెత్తురు తీసి, అరగంట నిలబెట్టి
మిషన్ల తిప్పితే
ఎరుపు అడుక్కు దిగి
ఎండుగడ్డి రంగు నీళ్లు పైకి తేలుతయి.
చిన్న చిన్న గొట్టాలకు పంచి
మైనస్ ఎనభైల పెడత.
కరెంటు పోతే ముందు ఆ ఫ్రిజ్ దిక్కే ఉరుకుత.
ఇంట్ల పాలు విరుగుతయి, విరగనీ.

బాలకిష్టమ్మ కోయిలకొండ అవతల నుంచి వస్తది.
నాలుగో విజిట్, పరగడుపున.
రానుపోను ఖర్చు ఐదొందలు, వేలిముద్ర.
కాయితం మారింది, మళ్ల సదివి వినిపించాలె:
ఈ మందు పని చెయ్యొచ్చు, చెయ్యకపోవచ్చు.
నీకిచ్చేది మందో ఉత్త గోలీయో నాకు గూడ ఎరుక లేదు.
ఎప్పుడంటే అప్పుడు మానుకోవచ్చు, కారణం చెప్పే పని లేదు.
మానుకున్నవని నీ వైద్యం తక్కువ చెయ్యం.
సమజైందా అవ్వా? ఏమన్న అడుగుతవా?

అడిగింది.
"నీకెంతిస్తరు బిడ్డా?"
చెప్పిన.
"ఎన్నొద్దులు?"

నోట్ల మాట రాలే.
"పుణె పోయినప్పుడు మా గుంపు మేస్త్రీ
గిట్లనే ఉత్త కాయితం మీద వేలేయించుకున్నడు" అని
మోచెయ్యి మడిచి, దూది అదిమి పట్టుకొని
టిఫిన్ కూపన్ కోసం కొంగు సర్దుకుంది.

ఆమె గోలీ గురించి ఇరవై రెండు పేజీలు, తెలుగుల.
సాక్షి కావాలె, టైము రాయాలె, ఒక నకలు ఆమెకియ్యాలె.
నా కొలువు గురించి రెండు పేజీలు, ఇంగ్లీషుల.
క్లాక్ టవర్ కాడ స్కూటర్ సీటు మీద పెట్టి
నిలబడి సంతకం చేసిన.
నాకెవ్వరు సదివి వినిపించలే.

రాత్రి తీసి సదివిన, వేలు పెట్టుకుంట.
పద్దెనిమిది నెలలు,
లేకుంటే చివరి రోగి చివరి విజిట్,
ఏది ముందైతే అది.
అంటే బాలకిష్టమ్మ ఆఖరుసారి చెయ్యి చాపిననాడు
నా బువ్వకు గూడ మూత పెట్టి లేబుల్ అంటిస్తరు.

నస్రీన్‌కు ఫోన్ చేసిన.
నా తోటిదే, మానిటర్ అయింది.
మాలాంటోళ్ల కాయితాలల్ల తప్పులు పట్టుడు ఆమె పని.
అరవై వేలు, నెలల పదిహేను రాత్రులు రైళ్లల్ల.
"రా, కానీ ఇంగ్లీషుల మెయిల్ రాయాలె, పిల్లను ఎవలు చూస్తరు?"
రెండు ప్రశ్నలు ఒకటే ఊపిరిల అడిగింది.
ఇన్సులిన్ కంపెనీ ఒకటి పిలుస్తున్నది,
బండి ఇస్తరట, టార్గెట్ గూడ.
సర్కారు కొలువుకు రాద్దామంటే
ఈ సర్వీసు లెక్కకొస్తదో రాదో
చెప్పేటోళ్లు దొరకలే.

పొద్దుగాల రెన్యువల్ కాయితం వచ్చింది.
జీతం కాడ అదే అంకె.
నీలి పెన్ను తీసిన,
నల్లదైతే నకలనుకుంటరు.
ఇరవై ఆరు వేల మీద ఒక్క గీత.
పక్కన ముప్పై నాలుగు.
దాని పక్కన నా పేరు, ఎరుపుల స్వరూప, పొట్టి చేసి కాదు, నిండుగ.
తారీఖు.

కింది అంకె కనబడుతనే ఉంది.
కనబడాలె.